పడినవాడు లేచి నడిచినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు

ఒడిశా సరిహద్దులో మన తెలుగువాళ్లుండే రాయగడలోనైనా, గుణుపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా ఎవరికైనా తలకు దెబ్బ తగిలిందని తెలిస్తే మన ఇళ్లలో మొదట అడిగే మాట ఒకటే: స్పృహలో ఉన్నాడా? ఉన్నాడంటే అందరి మనసూ కుదుటపడుతుంది. లేడంటే బండి మాట్లాడుకుని విశాఖ దారి పడతారు. ఆ ఒక్క ప్రశ్నతోనే అంతా తేలిపోతుందని నమ్మడం వల్ల దక్కవలసిన ప్రాణాలు పోతున్నాయి, బాగుపడవలసిన మనుషులు సగంలోనే ఆగిపోతున్నారు. దెబ్బ క్షణంలో తగులుతుంది. మెదడు గాయం ఆ క్షణంతో పూర్తికాదు. గంటల తరబడి ముదురుతుంది. కొందరిలో వారాల తరువాత బయటపడుతుంది. ఇంకొందరిలో నెలల పాటు కోపంగా, మతిమరుపుగా, మాట తడబాటుగా కనిపిస్తూనే ఉంటుంది. దెబ్బను మనం ఆపలేకపోవచ్చు కానీ, ఆ తరువాతి గంటల్లోనూ నెలల్లోనూ చేయగలిగినది చాలా ఉంది.

మన వైపు తలకు దెబ్బలు తగిలే తీరు అందరికీ తెలిసిందే. సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కే మలుపులు, వర్షాకాలంలో బురద పేరుకున్న తారు రోడ్లు, సంత రోజున కిక్కిరిసిన ఆటోలు, ముగ్గురు ఎక్కిన మోటారు సైకిళ్లు. చింతకాయ దులపడానికి, జీలుగు కల్లు దించడానికి చెట్టెక్కి జారిపడేవాళ్లున్నారు. స్నానాల గదిలో కాలుజారిన ముసలివాళ్లున్నారు. ఇంట్లో మొగుడి చేతి దెబ్బకు తల గోడకు తగిలి, ఆసుపత్రిలో మాత్రం "జారిపడ్డాను" అని చెప్పే ఆడవాళ్లున్నారు. వాళ్లకు తగిలేదీ మెదడు గాయమే. మళ్లీ మళ్లీ తగిలితే అది ఇంకా ప్రమాదం. పక్కన నిలబడి జవాబు చెబుతున్నది భర్తే అయితే, ఆమెను ఒంటరిగా అడగవలసిన బాధ్యత వైద్యులదీ నర్సులదీ.

లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. పెద్దవాళ్ల మెదడు సుమారు 1.4 కిలోలు ఉంటుంది. శరీరం బరువులో అది రెండు శాతమే అయినా, మనం పీల్చే ప్రాణవాయువులో ఐదోవంతు దానికే కావాలి. ప్రాణవాయువును దాచుకునే వీలు దానికి లేదు. కొన్ని నిమిషాలు అందకపోయినా కణాలు చనిపోతాయి. ఇంత సున్నితమైన అవయవాన్ని గట్టి ఎముక పెట్టెలో పెట్టింది ప్రకృతి. ఆ పెట్టెలో మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే నీరు తప్ప నాలుగో వస్తువుకు చోటు లేదు. ఎడిన్‌బరోకు చెందిన అలెగ్జాండర్ మన్రో 1783లోనూ, జార్జ్ కెల్లీ 1824లోనూ గుర్తించిన ఈ చిన్న సంగతి మీదే నేటికీ తలగాయాల వైద్యమంతా నిలబడి ఉంది. నిండుకుండలో మరో చెంబు నీళ్లు పోస్తే పొర్లిపోతాయి. పుర్రెకు పొర్లే దారి లేదు. లోపల రక్తం కారినా, మెదడు వాచినా మొదట కొంత నీరు వెన్ను వైపు జారి, కొంత రక్తం బయటికి వెళ్లి చోటు సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు అయిపోయాక ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. మామూలుగా అది 15 మిల్లీమీటర్ల పాదరసం దాటదు. 22 దాటితే తగ్గించే వైద్యం మొదలుపెట్టాలన్నది ఇప్పుడు పాటిస్తున్న ప్రమాణం. ఒత్తిడి ఇంకా పెరిగితే మెదడు కిందికి, ఊపిరిని నడిపే భాగం మీదికి నొక్కుకుపోతుంది.

దెబ్బ తగిలిన క్షణంలో జరిగిన నష్టాన్ని వైద్యులు ప్రాథమిక గాయం అంటారు. దాన్ని ఏ మందూ వెనక్కి తేలేదు. ఆ తరువాత వాపు, రక్తస్రావం, ప్రాణవాయువు తగ్గడం, రక్తపోటు పడిపోవడం, ఫిట్స్ రావడం వల్ల జరిగే నష్టం ద్వితీయ గాయం. వైద్యమంతా ఈ రెండోదానితో చేసే పోరాటమే. తీవ్రమైన తలగాయంతో వచ్చినవారిలో పైరక్తపోటు ఒక్కసారి 90 కంటే కిందికి పడిపోయినా చావు ముప్పు బాగా పెరుగుతుందని 1990ల నాటికే తేలింది. అందుకే తలకు దెబ్బ తగిలిన మనిషి కాలు విరిగి రక్తం పోతుంటే, ఆ కాలికి కట్టు కట్టడం కూడా మెదడును కాపాడడమే.

మనల్ని ఎక్కువగా మోసం చేసేది మధ్యలో వచ్చే తేరుకోలు. కణత దగ్గర పుర్రె ఎముక పలచగా ఉంటుంది. దాని లోపలి అంచున ఒక ధమని నడుస్తుంది. అక్కడ ఎముక చిట్లి ఆ ధమని తెగితే, పుర్రెకూ మెదడు పై పొరకూ మధ్య రక్తం చేరుతుంది. పార్వతీపురం దారిలో బండి జారి పడిన ఒక కుర్రవాడిని ఊహించుకోండి. కాసేపు మైకం కమ్మింది, లేచాడు, ముఖం కడుక్కున్నాడు, టీ తాగాడు, బండి తోసుకుంటూ ఇంటికి వచ్చాడు. రాత్రి తలనొప్పి అన్నాడు. ఒక మాత్ర వేసుకుని పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక వాంతులు, గురక లాంటి శ్వాస, ఒక కంటిపాప పెద్దదై వెలుతురు వేసినా కదలదు. సాయంత్రం మాట్లాడింది మామూలు మనిషే, అబద్ధం కాదు. అప్పటికింకా లోపల చోటు మిగిలి ఉంది, అంతే. ఈ రకం గడ్డను వేళకు తీసేస్తే మనిషి పూర్తిగా కోలుకునే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే తరచూ కింద ఉన్న మెదడు చెక్కుచెదరకుండానే ఉంటుంది. వేళ తప్పితే అదే గడ్డ ప్రాణం తీస్తుంది. తలగాయాల్లో ఇంత తేడా గంటల మీద ఆధారపడే సందర్భం మరొకటి లేదు.

ముసలివాళ్లలో కథ మరోలా నడుస్తుంది. వయసుతో మెదడు కొంత కుంచించుకుపోతుంది, దాన్ని పైపొరతో కలిపే సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే అవి తెగి, రక్తం నెమ్మదిగా ఊరుతుంది. గుండె జబ్బుకో పక్షవాతానికో రక్తం పలచబడే మందులు వాడుతున్నవారిలో ఇది మరీ ఎక్కువ. పడిన రెండు మూడు వారాలకు తాతగారు నడుస్తూ ఒక పక్కకు తూలతారు, చెంబు చేతిలోంచి జారిపోతుంది, మధ్యాహ్నం పూట కూడా మత్తుగా పడుకుంటారు, మనవడి పేరు తప్పు పిలుస్తారు. వయసు మీద పడిందిలే అని ఇంట్లో వదిలేస్తారు. పుర్రెకు చిన్న రంధ్రం వేసి ఆ పాత రక్తాన్ని తీసేస్తే చాలామంది మళ్లీ తమ పని తాము చేసుకుంటారు. ఇంట్లో పెద్దవారు ఉన్నట్టుండి మారిపోతే, గడచిన నెలల్లో ఎప్పుడైనా పడ్డారేమో గుర్తు చేసుకోండి. వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి.

మూడో రకం కంటికి కనిపించదు. వేగంగా వెళుతున్న తల ఒక్కసారిగా ఆగినప్పుడు, మెలితిరిగినప్పుడు మెదడు లోపలి సన్నని నరాల పోగులు సాగి తెగుతాయి. గడ్డ ఉండదు, ఎముక విరగదు. సీటీ స్కానింగ్‌లో ఏమీ లేదని రావచ్చు, మనిషి మాత్రం కోమాలో ఉండవచ్చు. దీని తేలికపాటి రూపమే చాలామందికి తగిలేది. స్పృహ తప్పకపోయినా, కాసేపు మతి చెదిరితే చాలు, మెదడుకు దెబ్బ తగిలినట్టే లెక్క. సీటీ మొదట చూసేది రక్తాన్నీ ఎముకనూ. వెంటనే ఆపరేషన్ కావాలా వద్దా అని తేల్చడానికి అది సాటిలేనిది. మెదడు పని ఎలా చేస్తోందో అది చెప్పలేదు. "స్కానింగ్ బాగుంది, ఇక నీకేమీ లేదు" అన్న మాటతో మనిషి నోరు మూయించడం అన్యాయం.

మన వైపు నేను తరచూ వినే మాట ఒకటుంది: "రక్తం బయటికి పోయింది, మంచిదే, లోపల గడ్డకట్టదు." ఇది నిజం కాదు. నెత్తి చర్మంలో రక్తనాళాలు ఎక్కువ, కొంచెం చిట్లినా ధారగా కారుతుంది. ఆ రక్తానికీ పుర్రె లోపలి రక్తానికీ సంబంధం లేదు. చెవిలోంచో ముక్కులోంచో రక్తం కలిసిన నీరు కారుతుంటే అది పుర్రె అడుగు ఎముక విరిగిందనడానికి గుర్తు. అందులో దూది కుక్కకూడదు. గాయం మీద కాఫీపొడి, పసుపు, సున్నం అద్దకూడదు. శుభ్రమైన బట్టతో అదిమి పట్టుకోవాలి, ఎముక లోపలికి నొక్కుకుపోయినట్టుంటే అంచుల చుట్టూ మాత్రమే. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు, సోడా పోయడం అన్నిటికంటే పెద్ద తప్పు. అవి ఊపిరితిత్తుల్లోకి వెళతాయి.

బండి మీద తీసుకెళ్లే తీరు గురించి కూడా చెప్పాలి. ముందు ఒకడు నడుపుతుంటే, వెనుక ఒకడు పట్టుకుంటే, మధ్యలో దెబ్బ తగిలినవాడి తల అటూ ఇటూ వేలాడుతూ ఉండడం మనమంతా చూసిందే. వాళ్ల తపనను నేను తక్కువ చేయను. కానీ అలా వేలాడే తల శ్వాసనాళాన్ని మూసేస్తుంది, మెడ ఎముక విరిగి ఉంటే కాళ్లూ చేతులూ శాశ్వతంగా చచ్చుబడవచ్చు. అంబులెన్స్ వచ్చేదాకా కదపకుండా ఉంచడం మేలు. వాంతి అవుతుంటే ఇద్దరు ముగ్గురు కలిసి తల, మెడ, ఒళ్లు ఒకే వరుసలో ఉండేలా పక్కకు తిప్పాలి. 108కు ఫోను చేసినప్పుడు ఊరి పేరుతో ఆగకుండా జిల్లా, రాష్ట్రం కూడా ముందే చెప్పండి. ఇటూ అటూ ఒకే పేరున్న పల్లెలు మనకు కొత్త కాదు.

ఆ తరువాత ఎటు వెళ్లాలి? కొరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల, బరంపురంలో మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల, రాష్ట్రం దాటితే శ్రీకాకుళం, విశాఖపట్నం. రాయగడ నుంచి విశాఖకు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటాలి. చాలా కుటుంబాలు దగ్గరి ఆసుపత్రి గుమ్మం తొక్కకుండా నేరుగా విశాఖకు బయలుదేరతాయి. మాట్లాడుతూ, నడుస్తూ ఉన్న మనిషి విషయంలో అది సరే అనుకుందాం. పిలిస్తే పలకని మనిషిని మాత్రం ముందు దగ్గరి పెద్దాసుపత్రికే తీసుకెళ్లాలి. అక్కడ మెదడు ఆపరేషన్ చేసే వైద్యుడు లేకపోవచ్చు. అయినా శ్వాస దారి సరిచేసి, ప్రాణవాయువు పెట్టి, సెలైన్ ఎక్కించి రక్తపోటు నిలబెట్టి, మెడకు పట్టీ వేసి పంపగలరు. ఘాటు మలుపుల్లో గంటల పాటు ప్రాణవాయువు చాలక వెళ్లిన మెదడుకు విశాఖలో ఎంత గొప్ప వైద్యుడైనా తిరిగి ప్రాణం పోయలేడు. పంపేముందు వెళ్లే ఆసుపత్రిలో స్కానింగ్, న్యూరో సర్జన్, ఖాళీ పడక ఉన్నాయో లేదో ఫోనులో కనుక్కోమని అడగండి. అడిగితే తప్పు లేదు.

ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసి పెట్టుకోవాలి: ఎన్ని గంటలకు పడ్డాడు, స్పృహ తప్పిందా, ఎన్నిసార్లు వాంతి అయింది, రోజూ ఏ మందులు వాడుతున్నాడు. చేతులు మారుతున్న కొద్దీ ఈ సమాచారమే మొదట పోతుంది.

మరో సంగతి మన సరిహద్దు ఊళ్లకే ప్రత్యేకం. తలగాయం తీవ్రతను కొలవడానికి ప్రపంచమంతటా గ్లాస్గో కోమా స్కేలు వాడతారు. గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెనెట్ అనే వైద్యులు 1974లో ప్రకటించారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. ఏ స్పందనా లేకపోయినా 3 ఉంటాయి. 13 నుంచి 15 వరకు తేలికపాటి గాయం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రం. తీవ్రమైతే సాధారణంగా శ్వాసకు గొట్టం వేయవలసి ఉంటుంది. మాటకు ఐదు మార్కులు రావాలంటే తన పేరు, ఉన్న చోటు, నెల, సంవత్సరం సరిగా చెప్పాలి. తికమకగా చెబితే 4, సంబంధం లేని మాటలైతే 3. ఇప్పుడు బరంపురం వార్డులో ఒడియా వైద్యుడు ఒడియాలో అడుగుతున్నాడు. మంచం మీద ఉన్నది పొలం, ఇల్లు తప్ప మరో లోకం ఎరగని తెలుగు ముసలమ్మ. ఆమె బిత్తరపోయి చూస్తే మార్కు తగ్గిపోతుంది, లేని తికమక ఉన్నట్టు లెక్కలోకి ఎక్కుతుంది. దీనికంటే ప్రమాదం దీనికి తలకిందులైనది: నిజంగానే మతి చెదిరిన మనిషిని "భాష రాదులే" అని వదిలేయడం. విశాఖలో ఒడియా, కువి, సవర మాట్లాడేవాళ్లకూ ఇదే ఇబ్బంది. అందుకే ఇంటి మనిషి ఒకరు పక్కనుండి, ఈమెకు ఏ భాష వచ్చో ముందే చెప్పి, ప్రశ్నలను ఆ భాషలో తామే అడిగి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు చెప్పాలి. సవరించి చెప్పకూడదు. అమ్మమ్మ నెల తప్పు చెబితే ఆ తప్పే వైద్యుడికి కావలసింది.

తాగి పడినవాడి విషయంలో మన ఊళ్లన్నీ కఠినంగా ఉంటాయి. కల్లు వాసన వస్తే చాలు, దిగాక లేస్తాడులే అని అరుగు మీద పడుకోబెడతారు. మత్తు గంటగంటకు తగ్గాలి. తగ్గకుండా పెరుగుతుంటే, ఒక చెయ్యి కదలకపోతుంటే, గురక పెడుతుంటే అది మద్యం కాదు. తాగినవాళ్లే ఎక్కువగా పడతారు, కనుక తాగి పడినవాడి తలకు దెబ్బ తగిలిందనే అనుకుని చూడాలి.

ఆసుపత్రిలో వైద్యం గురించి రెండు మాటలు. మెదడు వాపు తగ్గుతుందని స్టెరాయిడ్లు ఇవ్వడం ఒకప్పుడు మామూలు. పదివేల మందికి పైగా తలగాయం వారి మీద జరిగి 2004లో వెలువడిన పరిశోధనలో, స్టెరాయిడ్ ఇచ్చినవారిలో రెండు వారాల్లో 21 శాతం, ఇవ్వనివారిలో 18 శాతం చనిపోయారు. ఆనాటి నుంచి తలగాయానికి వాటిని వాడకూడదన్నది స్పష్టం. 2019లో మరో పెద్ద పరిశోధన రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం అనే చవక మందును చూసింది. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇస్తే తేలికపాటి, మధ్యస్థ గాయాల్లో మరణాలు తగ్గాయి. తీవ్రమైన గాయాల్లో ఆ మేలు కనిపించలేదు. ఫిట్స్ రాకుండా ఇచ్చే మందు మొదటి వారం వచ్చే ఫిట్స్‌ను ఆపుతుంది. ఫిట్స్ ఎప్పుడూ రానివారికి దాన్ని ఏళ్ల తరబడి కొనసాగించడం వల్ల ఉపయోగం లేదు. చీటీలో ఎప్పటిదాకా వాడాలో రాయించుకోండి.

తేలికపాటి దెబ్బ అని ఇంటికి పంపితే మొదటి 24 గంటలు ఒకరు పక్కనే ఉండాలి. నిద్రపోనివ్వకూడదన్న మాట పట్టుకుని వేధించనక్కరలేదు. వైద్యుడు చూసి పంపినవాడు నిద్రపోవచ్చు. లేపితే మామూలుగా లేస్తున్నాడా అన్నదే చూడవలసింది. తలనొప్పి పెరుగుతున్నా, రెండోసారి వాంతి అయినా, ఫిట్స్ వచ్చినా, మాట ముద్దగా వస్తున్నా, ఒక పక్క బలం తగ్గినా ఆ రాత్రే వెనక్కి తీసుకెళ్లాలి, తెల్లవారేదాకా ఆగకూడదు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత కొంచెం కొంచెంగా నడక, పని, చదువు మొదలుపెట్టవచ్చు. వారాల పాటు చీకటి గదిలో పడుకోబెట్టడం కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగలకుండా చూడడం ముఖ్యం. ఆటలైనా, బండైనా అప్పటిదాకా ఆగాలి.

తీవ్రమైన గాయం నుంచి బతికి ఇంటికి వచ్చినవారి గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ. కుట్లు మానాయి, నడుస్తున్నాడు, తింటున్నాడు. ఊరంతా బాగయ్యాడనుకుంటుంది. కానీ బట్టల కొట్టులో లెక్కలు రాసిన మనిషి రెండు అంకెలు కూడేలోగా మొదటిది మరచిపోతాడు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే చెవులు మూసుకుంటాడు. చిన్నమాటకు పళ్లెం విసిరేస్తాడు, పది నిమిషాల తరువాత ఎందుకు విసిరాడో తెలియదు. లేదా పొద్దున్నుంచి అరుగు మీదే కూర్చుంటాడు, చెబితే తప్ప స్నానానికి లేవడు. సోమరి అంటారు, పొగరు అంటారు, గాలి సోకిందని తాయెత్తు కడతారు. నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం పని మొదలుపెట్టడాన్నీ, కోపం ఆపుకోవడాన్నీ నడిపిస్తుంది. దెబ్బ తిన్నది అదే. తాయెత్తు కట్టించుకుంటే కట్టించుకోండి, మందు మాత్రం ఆపకండి. వాసన పోవడం మరొకటి. కూర మాడినా, గ్యాసు లీకవుతున్నా వాసన పోయిన మనిషికి తెలియదు. పొయ్యి దగ్గర మరొకరు ఉండాలి.

ఇంట్లో చేయగలిగినవి చిన్నవే. ఒకేసారి ఒక్క పని చెప్పడం, చెప్పినది నోటు పుస్తకంలో రాయించడం, టీవీ ఆపి మాట్లాడడం, మధ్యాహ్నం విశ్రాంతి, మద్యం పూర్తిగా మానడం. మొదటి ఆరు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది. ఆ తరువాతా ఆగదు, రెండేళ్లు దాటాక కూడా కొత్త నేర్పులు వచ్చినవాళ్లున్నారు. అందుకని ఏడో నెలలో ఫిజియోథెరపీ మానేయకండి.

డబ్బు విషయం. ప్రమాదంలో గాయపడినవారికి పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. సాయం చేసి ఆసుపత్రికి చేర్చినవారిని వేధించకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందాలి. అదే ఏడాది ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి ఆ కార్డు ఉంటే విశాఖలోనైనా జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చెల్లుతుంది. ఆంధ్ర రేషను కార్డు మీద వచ్చే పథకం మాత్రం మనకు వర్తించదు. అక్కడికి వెళ్లాక ఈ సంగతి తెలిసి కుటుంబాలు నగలు తాకట్టు పెడుతున్నాయి. బయలుదేరేటప్పుడు కార్డు, ఆధార్ సంచిలో వేసుకోండి.

హెల్మెట్ మోటారు సైకిల్ ప్రమాదాల్లో తలగాయం ముప్పును సుమారు 69 శాతం, చావు ముప్పును 42 శాతం తగ్గిస్తుందని పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది పడేలోపే ఎగిరిపోతుంది. వెనుక కూర్చున్నవారికీ, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ చట్టప్రకారం హెల్మెట్ తప్పనిసరి.

మాట దెబ్బతిన్నవారి గురించి ఒకటి చెప్పాలి. రాయగడలో పెరిగినవాడు ఇంట్లో తెలుగు, బడిలో, కొట్టులో ఒడియా మాట్లాడి ఉంటాడు. గాయం తరువాత ఆ రెండూ ఒకేలా దెబ్బతినాలని లేదు, ఒకేసారి తిరిగి రావాలనీ లేదు. స్పీచ్ థెరపీకి వెళ్లినప్పుడు రెండు భాషల్లోనూ పరీక్షించమని అడగండి. దెబ్బకు ముందు ఏ భాషలో ఎవరితో ఎంత మాట్లాడేవాడో, ఏ భాషలో చదివేవాడో, లెక్కలు ఏ భాషలో వేసుకునేవాడో చెప్పండి. థెరపిస్టుకు తెలుగు రాకపోతే పదాల బొమ్మల పుస్తకాన్ని ఇంట్లోవాళ్లే తెలుగులో తయారుచేసుకుని, రోజూ కొద్దిసేపు సాధన చేయించవచ్చు.